వినే వృత్తిలో అలసట: థెరపిస్టుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే వృత్తి నుంచి వచ్చాయి. రాసినవాళ్ళు సైకోథెరపిస్టులు, కౌన్సెలర్లు, క్లినికల్ సైకాలజిస్టులు, ఒకటి రెండు చోట్ల వాళ్ళ ఇంట్లోవాళ్ళు. "నన్ను నేను సరిగ్గా చూసుకోవడం లేదేమో" అన్న అపరాధ భావం చాలా ఉత్తరాల్లో ఉంది. మేము మాత్రం ముందు మీ వారపు టైంటేబుల్ అడిగాం. ఈ వృత్తిలో అలసట ఎక్కువగా పుట్టేది అక్కడే. ఉత్తరాలను కుదించి, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాం.

ప్రశ్న: సొంతంగా ప్రాక్టీస్ చేస్తున్నాను. ఈ మధ్య ఏ క్లయింటైనా "ఈ రోజు రాలేను" అని మెసేజ్ పెడితే ప్రాణం హాయిగా ఉంటోంది. సెషన్ మధ్యలో గడియారం చూస్తున్నాను. ఇది బర్నవుటా, డిప్రెషనా, లేక నాకే పని మీద శ్రద్ధ పోయిందా?

ఒక సెషన్ రద్దయితే ఊపిరి పీల్చుకోవడం ఎవరికైనా ఉంటుంది. రోజూ ఉదయం డైరీ తెరవగానే ఈ రోజు ఎవరు మానేస్తారా అని చూస్తున్నారంటే మాత్రం దాన్ని పట్టించుకోవాలి.

బర్నవుట్ అనే మాటను 1974లో మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ ఉచిత క్లినిక్కుల్లో పనిచేసే సిబ్బంది గురించి రాస్తూ వాడారు. అంటే ఈ మాట మొదటినుంచీ సాయం చేసే వృత్తులదే. తర్వాత క్రిస్టినా మాస్లాక్, సూజన్ జాక్సన్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి ప్రచురించారు. అందులో చూసేవి మూడు: భావోద్వేగపరంగా ఖాళీ అయిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా కాక ఒక కేసుగా చూడటం, నా పని వల్ల ఏమీ ఒరగడం లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా దాదాపు ఈ మూడింటినే చెబుతూ, బర్నవుట్‌ను జబ్బుల కింద కాకుండా పనికి సంబంధించిన పరిస్థితిగా నమోదు చేసింది. బయటి జీవితంలోని అలసటకు ఆ పేరు వాడకూడదని కూడా స్పష్టంగా చెప్పింది.

డిప్రెషన్‌తో తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష: నాలుగైదు రోజులు పనికి పూర్తిగా దూరంగా ఉన్నప్పుడు ఏమవుతోంది? స్నేహితులతో కబుర్లు, పాట, పిల్లల ఆట మళ్ళీ రుచిస్తే సమస్య పని చుట్టూ ఉందనుకోవచ్చు. సెలవులోనూ దేనిమీదా ఆసక్తి లేకపోయినా, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోయినా, ఆకలి మారినా, బతకడం దండగనిపించినా అది డిప్రెషన్ కావచ్చు. వెంటనే డాక్టరును కలవండి. బర్నవుట్ ముదిరి డిప్రెషన్‌లోకి దిగడం, రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో శ్వాస ఆగే సమస్య కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. థెరపిస్టులు తమ విషయంలో అన్నిటికీ మనసులోనే కారణం వెతుకుతారు కాబట్టి రక్తపరీక్షలు ముందు చేయించుకోమని ప్రత్యేకంగా చెబుతున్నాం.

శ్రద్ధ పోయిందా అన్నారు. శ్రద్ధ పోయినవాళ్ళు ఈ ఉత్తరం రాయరు. పని ప్రమాణం జారుతోందేమో మాత్రం చూసుకోండి. క్లయింటు ఏడుస్తుంటే తొందరగా సలహా ఇచ్చేస్తున్నారా? రెండు వారాల క్రితం చెప్పిన ముఖ్యమైన విషయం గుర్తు లేదా? సెషన్ అయ్యాక మూడు రోజులకు గానీ నోట్స్ రాయడం లేదా? ఆత్మహత్య ఆలోచనల గురించి అడగాల్సిన ప్రశ్న "ఈ రోజుకి వద్దులే" అని దాటేశారా? చివరిదానికి జవాబు అవునైతే ఈ వారమే సూపర్‌వైజర్‌తో (మీ కేసులు విని దారి చూపే అనుభవమున్న థెరపిస్టుతో) మాట్లాడండి.

ప్రశ్న: వారానికి 28 సెషన్లు చేస్తున్నాను. ఒక్కోటి 50 నిమిషాలు. లెక్క ప్రకారం 24 గంటలు కూడా కాదు. ఉద్యోగం చేసేవాళ్ళు 40 గంటలు పనిచేస్తున్నారు కదా, నాకు ఈ అలసట ఎందుకు?

లెక్క పూర్తిగా వేయండి. 28 సెషన్లంటే 23 గంటల 20 నిమిషాలు. నోట్సుకు ఒక్కోదానికి 12 నిమిషాలు అనుకుంటే 5 గంటల 36 నిమిషాలు. సెషన్ల మధ్య 10 నిమిషాల విరామం కలిపితే ఇంకో 4 గంటల 40 నిమిషాలు. ఫోన్లు, టైం మార్పులు, రిపోర్టులు, కొత్తవాళ్ళ విచారణలు రోజుకు గంట చొప్పున వారానికి 5 గంటలు. సూపర్‌విజన్‌కూ చదువుకూ 2 గంటలు. మొత్తం 40 గంటల 36 నిమిషాలు. ఇందులో ఒక్క అత్యవసర ఫోను కూడా లేదు. అది వచ్చిన వారం, ఆ సమయం మీ రాత్రుల్లోంచి పోతుంది.

పైగా ఈ గంటల స్వభావం వేరు. ఆఫీసులో పని నడుమ పది నిమిషాలు మనసు ఎక్కడికో పోయినా నష్టం లేదు. సెషన్‌లో 50 నిమిషాలూ మాట వినాలి, మాట వెనక ఉన్నది వినాలి, మీలో లేచే చిరాకునో భయాన్నో గమనించాలి, దాన్ని ముఖంలోకి రానివ్వకూడదు, తర్వాతి మాట ఎంచుకోవాలి. లోపల లేనిది పైకి చూపించే పని ఎక్కువైన కొద్దీ మనిషి త్వరగా అరిగిపోతాడు. సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోష్‌చైల్డ్ 1983లో భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టి వివరించింది ఈ రకం పనినే.

వారానికి 20 నుంచి 25 సెషన్లను నిండు ప్రాక్టీసుగా చాలామంది లెక్కిస్తారు. అది నియమం కాదు. మేమైతే సెషన్ల సంఖ్యకు బదులు బరువు లెక్కపెట్టమంటాం. స్థిరంగా సాగుతున్న క్లయింటుకు 1 పాయింటు. కొత్త క్లయింటు మొదటి మూడు సెషన్లకు, దంపతుల లేదా కుటుంబ సెషన్‌కు 1.5. ఆత్మహత్య ప్రమాదం ఉన్నవాళ్ళకు, ట్రామా (మనసుకు తగిలిన తీవ్ర గాయం) జ్ఞాపకాల మీద నేరుగా పని జరుగుతున్న సెషన్లకు 2. మీ 28లో మామూలువి 14, కొత్తవి 5, దంపతులవి 3, బరువైనవి 6 అనుకుందాం. 14, 7.5, 4.5, 12 కలిపితే 38. ఆ ఆరు బరువు కేసులు లేని వారంలో మీకు ఇంత అలసట ఉండేది కాదు. ఈ పాయింట్లు మీ చేతి కొలత మాత్రమే, మీ అనుభవాన్ని బట్టి మార్చుకోవచ్చు. నాలుగు వారాలు రాసి చూస్తే, ఏ అంకె దాటాక మీ నిద్ర చెడుతోందో మీకే తెలుస్తుంది.

టైంటేబుల్‌లో ముందు మార్చాల్సినవి ఇవి. వరసగా మూడు సెషన్లకు మించి పెట్టవద్దు. మూడోదాని తర్వాత కనీసం 30 నిమిషాలు ఖాళీ ఉండాలి. రెండు బరువు కేసులు పక్కపక్కన వద్దు, రోజులో చివరి సెషన్‌గా అసలే వద్దు, ఎందుకంటే చివరి సెషన్ మీతో ఇంటికి వస్తుంది. నోట్స్ ఆ గంటలోనే పూర్తి కావాలి. నాలుగు ముక్కలు చాలు: ఏం తెచ్చారు, ఏం చేశాం, ప్రమాదం స్థితి ఏమిటి, వచ్చేసారి ఏమిటి. రాత్రి పదింటికి రాసే నోట్స్ అంటే ఆ సెషన్‌లో మళ్ళీ కూర్చోవడమే. సమయమూ రెండింతలు పడుతుంది.

సెషన్లు 50 నిమిషాలు దాటిపోతున్నాయా? చాలామంది విరామం కరిగిపోయేది అక్కడే. అసలు విషయం క్లయింటు తలుపు దగ్గర నిలబడి చెబుతారు, మీరు కాదనలేరు. 40వ నిమిషంలో "ఇంకో పది నిమిషాలుంది, ఈ రోజు చెప్పకుండా వెళితే బాధగా అనిపించేది ఏమైనా ఉందా?" అని అడగడం అలవాటు చేసుకోండి. అయినా చివర్లోనే వస్తే "ఇది చాలా ముఖ్యం, హడావిడిగా మాట్లాడొద్దు, వచ్చేసారి దీంతోనే మొదలుపెడదాం" అనండి. ప్రాణానికి సంబంధించిన మాటైతే మాత్రం గడియారం పక్కన పెట్టండి.

ఉన్న క్లయింట్లను వదిలేయకుండా సెషన్లు తగ్గించడానికి ఒకటే మర్యాదైన దారి: కొత్తవాళ్ళను ఆపడం. ఎవరిదైనా థెరపీ ముగిసినప్పుడు ఆ గంటను నింపకండి, డైరీలో దానికి "నోట్స్" అని పేరు పెట్టండి. పేరు లేని ఖాళీ వారంలో నిండిపోతుంది. ఆదాయం గురించి భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకోం. చాలామంది ఫీజు నిర్ణయించేటప్పుడు ఏడాదికి 52 వారాలు పనిచేస్తామన్నట్టు లెక్కవేస్తారు. సెలవు, జబ్బు, శిక్షణ, రద్దులు పోగా 44 వారాలతో లెక్కవేసి చూడండి. జ్వరం వచ్చినా సెషన్ మానలేకపోవడానికి మూలం తరచుగా ఈ తప్పు లెక్కే.

ప్రశ్న: లైంగిక హింసకు గురైనవారితో పనిచేస్తాను. వాళ్ళు చెప్పిన దృశ్యాలు నా కళ్ళ ముందుకు వస్తున్నాయి. నా కూతుర్ని ఎవరింటికీ పంపలేకపోతున్నాను. పని తగ్గించుకున్నా తగ్గలేదు.

పని తగ్గించినా తగ్గలేదన్నది ముఖ్యమైన ఆధారం. మీకు జరుగుతున్నది బర్నవుట్ కాకపోవచ్చు. ఇతరుల ట్రామా వింటూ ఉండటం వల్ల వినేవారి లోకదృష్టే మారిపోవడాన్ని మెకాన్, పెర్ల్‌మన్ 1990లో వర్ణించారు. భద్రత, నమ్మకం, అదుపు, ఆత్మగౌరవం, సాన్నిహిత్యం వంటి చోట్ల ఆ మార్పు కనిపిస్తుందన్నారు. కూతురి విషయంలో మీరు రాసింది భద్రత, నమ్మకం అన్న రెండు చోట్లా ఉంది. కళ్ళముందు దృశ్యాలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం వంటి లక్షణాలకు చార్లెస్ ఫిగ్లీ ద్వితీయ ట్రామా ఒత్తిడి అన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. అమెరికన్ సైకియాట్రిస్టుల మానసిక రుగ్మతల మాన్యువల్ డీఎస్ఎమ్-5 కూడా 2013లో, వృత్తిరీత్యా ఘోరమైన వివరాలకు పదే పదే గురికావడం పీటీఎస్‌డీకి (ఘోర అనుభవం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మతకు) కారణం కాగలదని అంగీకరించింది. కాబట్టి "నాకేం జరగలేదు కదా" అని సిగ్గుపడవలసిన పని లేదు.

బర్నవుట్ నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది, పని బరువు తగ్గితే దిగుతుంది. ద్వితీయ ట్రామా ఒత్తిడి ఒక్క కేసుతోనే హఠాత్తుగా రావచ్చు, దీనికి కావలసింది ట్రామాకు ఇచ్చే చికిత్సే. దృశ్యాలు, నిద్రలేమి, తప్పించుకోవడం నెల దాటి ఉన్నాయంటే మీ క్లయింట్లకు ఏది సూచిస్తారో అదే మీరూ తీసుకోవాలి: ట్రామా కేంద్రిత సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే చికిత్స) గానీ ఈఎమ్‌డీఆర్ (కళ్ళ కదలికలతో జ్ఞాపకాల మీద పనిచేసే చికిత్స) గానీ. మీ సొంత జీవితంలో అలాంటి గాయం ఉండి ఉంటే నెల ఆగవద్దు.

ఇక సెషన్ లోపల. చాలామంది వింటూ వింటూ ఆ సంఘటనను తమకే జరుగుతున్నట్టు, తమ కళ్ళతో చూస్తున్నట్టు ఊహించుకుంటారు. మంచి థెరపిస్టులకే ఇది ఎక్కువ. ఆ ఊహలో మీ స్థానం మార్చండి: చెబుతున్న మనిషి ఇప్పుడు మీ ఎదురుగా, ఈ గదిలో, బతికి ఉన్నారు. చూపు వాళ్ళ ఇప్పటి ముఖం మీద ఉంచండి. పాదాలు నేలకు ఆనించండి, వెన్ను కుర్చీకి తగలనివ్వండి. ఓల్గా క్లిమెకీ, తానియా సింగర్ బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎదుటివారి బాధను తామూ అనుభవించే సాధన చేసినవారిలో బాధ పెరిగింది. ఆ తర్వాత వాళ్ళ మేలు కోరే కరుణ సాధన చేయిస్తే ఆ బాధ తగ్గి సానుకూల భావాలు పెరిగాయి. సెషన్‌లో ఈ తేడా చిన్న ప్రశ్నగా వాడుకోవచ్చు: "ఈ బాధ ఎలా ఉంటుందో" అన్న చోట ఆగిపోకుండా "ఈ మనిషికి ఈ క్షణం ఏది మేలు చేస్తుంది" అన్న దగ్గరకు మనసును తీసుకురండి.

ఎన్ని వివరాలు వినాలో కూడా ఆలోచించండి. చికిత్సకు అవసరమైనంత వివరం తప్పనిసరి. చికిత్సా పద్ధతి కోరని వివరం కోసం, ఏం అడగాలో తోచక అడిగే ప్రశ్నలు ఇద్దరికీ చేటు. నోట్సులో వాసనలు, శబ్దాలు, శరీర వివరాలు రాయకండి. చట్టపరంగా అవసరమైన చోట తప్ప. పడుకోబోయే ముందు రెండు గంటలు కేసు ఫైళ్ళు తెరవకండి.

సహోద్యోగితో చెప్పుకోవడం మంచిదే, కానీ ఎదుటివాళ్ళ మీద వివరాలు కుమ్మరిస్తే వాళ్ళకూ అదే అంటుతుంది. ఫ్రాన్స్వాజ్ మాథ్యూ ఇందుకు నాలుగు మెట్లు సూచించారు: నేను ఎంత వివరం చెబుతున్నానో గమనించుకోవడం, చెప్పబోయేది బరువైనదని ముందే హెచ్చరించడం, వినడానికి వీలవుతుందా అని అడిగి ఒప్పుకోలు తీసుకోవడం, బయటి అంచు నుంచి మొదలుపెట్టి అవసరమైనంతే చెప్పడం. ఆచరణలో చాలాసార్లు బయటి అంచు దగ్గరే మాట సరిపోతుంది. "ఈ రోజు ఒక పిల్లాడి కేసు విన్నాను, నిస్సహాయంగా అనిపించింది" అంటే చాలు, సాయం అందుతుంది.

ప్రశ్న: ఒక సంస్థలో కౌన్సెలర్‌ని. మేమంతా అలసిపోయామంటే మేనేజ్‌మెంట్ మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) వర్క్‌షాప్ పెట్టింది. కేసులు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు. ఏం అడగాలి?

"అలసిపోయాం" అన్నారు కాబట్టి అలసటకు మందు ఇచ్చారు. వర్క్‌షాప్ చెడ్డది కాదు, కొంతమందికి పనికొస్తుంది. అయితే ఆ రెండు గంటలు కూడా ఉన్న పనిలోంచే తీసి, మిగిలిన పనిని సాయంత్రానికి నెట్టితే అది ఇంకో భారం.

మాస్లాక్, మైకేల్ లైటర్ బర్నవుట్ పుట్టే చోట్లను ఆరుగా చెప్పారు: పని భారం, పని మీద అదుపు, గుర్తింపు, తోటివారితో సంబంధం, న్యాయం, విలువలు. మీ బృందం ఒక గంట కూర్చుని ఈ ఆరింటిలో ఏ రెండు ఎక్కువ నొప్పిగా ఉన్నాయో తేల్చుకోండి. మా అనుభవంలో థెరపిస్టులు భారం గురించి మొదలుపెట్టి, చివరికి అదుపు దగ్గరో న్యాయం దగ్గరో ఆగుతారు. ఏ క్లయింటు ఎవరికి వెళ్ళాలో తమను అడగరు. కష్టమైన కేసులన్నీ "నువ్వు బాగా చూస్తావు" అని ఒకరికే వెళ్తాయి.

తర్వాత నాలుగు వారాల లెక్క రాయండి. ఎన్ని సెషన్లు, నోట్సుకు ఎన్ని గంటలు, పని వేళ దాటి ఎంతసేపు, ఎన్ని అత్యవసర ఫోన్లు, ఎన్ని కేసుల్లో ఆత్మహత్య ప్రమాదం ఉంది, ఆ నెలలో ఎవరెవరు సిక్ లీవ్ పెట్టారు. ఒక్క పేజీ. దాని కింద మూడు కోరికలకు మించొద్దు, ఒక్కోటి అవునా కాదా అని జవాబు చెప్పగలిగేదిగా ఉండాలి: ఒక్కొక్కరికి వారానికి కొత్త కేసులు రెండే, వారంలో ఒక పూట సెషన్లు లేకుండా రాతపనికి, అత్యవసర ఫోను బాధ్యత వంతులవారీగా (ఫోను చూసినవారికి మర్నాడు ఆలస్యంగా రావడానికి అనుమతితో). మూడు నెలలు ప్రయోగంగా చేసి, అవే అంకెలు మళ్ళీ చూద్దామని చెప్పండి. మేనేజర్లకు ప్రయోగానికి ఒప్పుకోవడం శాశ్వత మార్పుకు ఒప్పుకోవడం కంటే సులువు.

ఒకరే వెళ్ళి అడగకండి. ఒకరు అడిగితే అది ఆ మనిషి బలహీనత అవుతుంది, నలుగురు అడిగితే విభాగం సమస్య అవుతుంది.

ప్రశ్న: నా క్లయింటు గత వారం ఆత్మహత్య చేసుకున్నారు. రేపటినుంచి మళ్ళీ సెషన్లు ఉన్నాయి. ఎలా కూర్చోవాలో తెలియడం లేదు.

మీ నష్టానికి మా సానుభూతి. ఈ వృత్తిలో దీని గురించి బయట మాట్లాడుకునేది తక్కువ, జరిగేది ఎక్కువ. 1988లో అమెరికాలో ప్రచురితమైన సర్వేల్లో సైకాలజిస్టుల్లో 22 శాతం, సైకియాట్రిస్టుల్లో 51 శాతం మంది తాము చికిత్స చేస్తున్నవారిని ఇలా పోగొట్టుకున్నామని చెప్పారు.

ఇప్పటికే చెప్పకపోతే సూపర్‌వైజర్‌కూ, సంస్థ ఉంటే సంస్థకూ, వృత్తి బీమా ఉంటే బీమావారికీ ఈ రోజే చెప్పండి. పాత నోట్సులో ఒక్క అక్షరం మార్చకండి. చేర్చాల్సింది ఉంటే ఈ రోజు తేదీతో విడిగా రాయండి. కుటుంబం ఫోన్ చేస్తే సానుభూతి చెప్పడానికి భయపడొద్దు, వాళ్ళకు అది అవసరం. కానీ సెషన్లలో విన్నదాని గోప్యత మరణంతో తీరిపోదని గుర్తుంచుకోండి. ఏం చెప్పవచ్చో మీకు వర్తించే చట్టాన్నీ వృత్తి నియమావళినీ అడిగి తెలుసుకున్నాకే మాట్లాడండి. అంత్యక్రియలకు వెళ్ళాలనిపిస్తే కుటుంబాన్ని అడిగి వెళ్ళండి. అక్కడ మీరు ఎవరో మీరుగా చెప్పకండి.

రేపటి సెషన్లలో వాయిదా వేయగలిగినవి వేయండి. ఆత్మహత్య ప్రమాదం ఉన్న ఇతర క్లయింట్ల విషయంలో ఈ రెండు మూడు వారాలు ఒంటరిగా నిర్ణయాలు తీసుకోవద్దు. ఇలాంటి దెబ్బ తర్వాత థెరపిస్టు రెండు వైపులకూ తప్పుతారు: ప్రతి నిట్టూర్పులోనూ ప్రమాదం చూసి అందరినీ ఆసుపత్రికి పంపాలనుకోవచ్చు, లేదా ఆ ప్రశ్న అడగడానికే నోరు రాకపోవచ్చు. నమ్మకమున్న సహోద్యోగి ఒకరు రోజూ పది నిమిషాలు మీ నిర్ణయాలు వినేలా ఏర్పాటు చేసుకోండి.

సంస్థ చేసే విచారణ వేరు, మీకు కావలసిన ఓదార్పు వేరు. రెండూ ఒకే మీటింగులో, ఒకే మనిషితో జరగనివ్వకండి. జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్కసారి బలవంతంగా అన్నీ చెప్పించే పద్ధతి మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు, కొందరికి హాని కూడా చేయవచ్చు. మీకు వీలైనప్పుడు, మీరు ఎంచుకున్నవారితో మాట్లాడండి.

"ఆ రోజు ఆ మాటకు అర్థం ఇదా" అని పాత సెషన్లు తవ్వుతూ ఉండి ఉంటారు. ఫలితం తెలిశాక చూస్తే ప్రతి గుర్తూ స్పష్టంగానే కనిపిస్తుంది; ఆ రోజు మీ ముందు ఉన్న సమాచారం అది కాదు. మీకే ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు వస్తుంటే ఇది చదవడం ఆపి ఇప్పుడే ఒకరికి చెప్పండి, అత్యవసర వైద్య సాయం తీసుకోండి.

ప్రశ్న: సూపర్‌వైజర్ దొరకడం లేదు. మేము నలుగురం స్నేహితులం కలుసుకుంటాం కానీ అది కబుర్లతో సరిపోతోంది.

బ్రిటన్‌లోని కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ, తన గుర్తింపు పొందిన సభ్యులకు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ ఉండాలంటుంది. దాన్ని కనీస కొలతగా పెట్టుకుని, అనుభవమున్న ఒకరిని నెలకోసారైనా ఆన్‌లైన్‌లో వెతకండి. స్నేహితుల బృందం దానికి తోడు మాత్రమే, కానీ చాలా విలువైన తోడు.

రెండు వారాలకోసారి 90 నిమిషాలు. మొదటి 10 నిమిషాలు ఒక్కొక్కరూ తమ స్థితి చెప్పాలి. తర్వాత రెండు కేసులు, ఒక్కోదానికి 30 నిమిషాలు. అందులో మొదటి 10 నిమిషాలు ఎవరూ సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలే అడగాలి. ఈ ఒక్క నియమం లేకపోతే సలహాల వాన కురుస్తుంది, చెప్పినవారు తెలివితక్కువగా అనిపించుకుని మరోసారి నోరు విప్పరు. ఆ తర్వాత 15 నిమిషాలు "ఎవరికీ చెప్పాలనిపించని కేసు" కోసం. చివరి 5 నిమిషాలు తేదీ, తర్వాతి నాయకుడు. నాయకత్వం వంతులవారీగా మారాలి. పేర్లు, ఊర్లు, వృత్తులు మార్చి చెప్పాలి.

మూడు నెలలకోసారి మీ క్లయింట్లందరి జాబితా ముందు పెట్టుకుని చూడండి. అందులో ఒకటి రెండు పేర్ల గురించి మీరు ఈ బృందంలో ఎప్పుడూ మాట్లాడి ఉండరు. తరచుగా మిమ్మల్ని అలసిపోయేలా చేస్తున్నది ఆ క్లయింటే. విసుగో కోపమో ఆకర్షణో మీలో కలిగింది, దాన్ని చెప్పుకోలేక దాచారు. క్లయింటు పట్ల ద్వేషం కలగడం గురించి బ్రిటిష్ మానసిక విశ్లేషకుడు విన్నికాట్ 1949లోనే పత్రం రాశారు. దాచడానికి పట్టే శక్తి ఆ సెషన్‌కు పట్టేదానికంటే ఎక్కువ. మీ సొంత థెరపీ సంగతి కూడా ఆలోచించండి. మానసిక విశ్లేషకులు అయిదేళ్ళకోసారైనా మళ్ళీ తామే విశ్లేషణకు వెళ్ళాలని ఫ్రాయిడ్ 1937లో సూచించారు.

ప్రశ్న: సెషన్లన్నీ ఆన్‌లైన్‌లోనే. ముఖాముఖి కంటే ఎక్కువ అలసట ఎందుకు?

పరిశోధకుడు జెరెమీ బైలెన్సన్ 2021లో నాలుగు కారణాలు చూపారు: ముఖాలు మరీ దగ్గరగా కనిపించడం, సైగలు పంపడానికీ చదవడానికీ పడే అదనపు శ్రమ, రోజంతా అద్దంలోలా మన ముఖమే మనకు కనిపించడం, కదలకుండా కూర్చోవడం. మీ వీడియో మీకు కనిపించకుండా దాచేయండి. విండో చిన్నది చేసి, విడి కీబోర్డు పెట్టుకుని స్క్రీనుకు ఒక చేతి దూరం కంటే ఎక్కువ జరగండి. సెషన్ల మధ్య 15 నిమిషాలు, ఆ సమయంలో ఫోను చూడకుండా నిలబడి, దూరంగా ఉన్నదేదైనా చూడండి. మాట తెగిపోతే ఏం చేయాలో, క్లయింటు ఎక్కడ ఉన్నారో, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో మొదటి సెషన్‌లోనే రాసుకోండి. ఆ భయం తీరితేనే సగం బిగువు తగ్గుతుంది.

ప్రశ్న: నా భార్య థెరపిస్టు. ఇంటికి వచ్చాక మాట్లాడదు. "ఏమైంది" అంటే చిరాకు పడుతుంది. నేనేం చేయాలి?

రోజంతా మాటలు విన్న మనిషికి ఇంకో ప్రశ్న వినగానే అది ఇంకో సెషన్‌లా తగులుతుంది, మీ మీద కోపం కాదు. పైగా ఏమైందో మీకు చెప్పే వీలు ఆమెకు లేదు. వచ్చాక మొదటి అరగంట ప్రశ్నలేవీ లేకుండా చూడండి. తర్వాత "ఈ రోజు బరువా, తేలికా?" అని ఒక్కటే అడగండి, బరువు అంటే ఆ సాయంత్రం ఇంట్లో ఏ పని మీరు తీసుకుంటారో చెప్పండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, మద్యం పెరిగినా, "నేను లేకపోతే నయం" వంటి మాట వచ్చినా మాత్రం మౌనాన్ని గౌరవించకండి, నేరుగా అడిగి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

ప్రశ్న: కొన్నాళ్ళు ఆపేద్దామనుకుంటున్నాను. క్లయింట్లను వదిలేసినట్టు అవుతుందేమోనని భయం. రెండు వారాల సెలవు సరిపోతుందా?

అలసటకు సరిపోతుంది, బర్నవుట్‌కు సాధారణంగా సరిపోదు. సెలవు తెచ్చిన ఉల్లాసం పనిలోకి వచ్చిన కొద్ది వారాల్లోనే కరిగిపోతుంది, తిరిగి వచ్చేది అదే టైంటేబుల్‌లోకి అయితే మరీ త్వరగా. కాబట్టి సెలవుకు ముందే, తిరిగి వచ్చాక వారం ఎలా ఉంటుందో కాగితం మీద రాసుకోండి.

మద్యం లేదా మందుల మీద ఆధారపడుతున్నా, ప్రమాదంలో ఉన్న క్లయింటుకు చేయాల్సిన ఫోను మరచిపోయినా, క్లయింటుతో హద్దులు దాటుతున్నా రేపటిదాకా ఆగొద్దు. సూపర్‌వైజర్ సాయంతో వెంటనే ఆపండి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నీతి నియమావళిలోని 2.06 నిబంధన, సొంత సమస్యలు పనికి అడ్డమవుతున్నాయని తెలిసినప్పుడు సలహా తీసుకుని, పనిని తగ్గించాలా, కొంతకాలం ఆపాలా, ముగించాలా అని నిర్ణయించుకోమంటుంది. ఆపడం కూడా బాధ్యతలో భాగమే.

అంత అత్యవసరం కాకపోతే నాలుగు నుంచి ఆరు వారాల ముందు చెప్పండి. ప్రమాదం ఎక్కువున్నవారికి, గతంలో ఎవరో వదిలేసి వెళ్ళిన గాయం ఉన్నవారికి అందరికంటే ముందు. సెషన్ మొదట్లోనే చెప్పాలి, చివర్లో చెబితే వాళ్ళు ఆ వార్తను ఒంటరిగా మోస్తూ ఇంటికి వెళ్తారు. "ఆరోగ్య కారణాల వల్ల ఫలానా తేదీ నుంచి మూడు నెలలు పని ఆపుతున్నాను. ప్రాణాపాయం లేదు, మీ వల్ల కాదు" అంటే చాలు. ఆ చివరి రెండు మాటలు తప్పక చెప్పండి. చెప్పకపోతే ఎక్కువమంది మీకు ప్రాణాపాయమనో, తమ వల్లేననో ఊహించుకుంటారు. మీ అలసట వివరాలు చెబితే క్లయింటు మిమ్మల్ని చూసుకోవడం మొదలుపెడతారు.

ఒక్కొక్కరికి మూడు దారులు ఇవ్వండి: మీరు వచ్చేదాకా ఆగడం, తాత్కాలికంగా మరో థెరపిస్టు, శాశ్వతంగా బదిలీ. బదిలీ చేసేవారి దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పేరు ఇచ్చి అక్కడ ఖాళీ లేకపోతే క్లయింటుకు అది రెండో తిరస్కారం. సమాచారం పంపడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అందరికీ ఒకే ఉత్తరం: తేదీలు, అత్యవసర నంబర్లు, మీరు మెసేజ్‌లకు జవాబు ఇవ్వరన్న మాట. ఆ మాట ఇచ్చాక జవాబు ఇవ్వకండి.

తిరిగి వచ్చేటప్పుడు మొదటి రెండు వారాలు పాత సంఖ్యలో మూడో వంతు, తర్వాతి నెల సగం, ఆ పైన సూపర్‌వైజర్‌తో చూసుకుని. మొదటి నెలలో బరువు కేసులు రెండుకు మించొద్దు. ఖాళీగా ఉన్న గంటలు చూసి "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా" అని నాలుగో వారంలో అందరినీ తీసేసుకోవడమే మళ్ళీ జారిపోవడానికి అన్నిటికంటే మామూలు కారణం. అందుకే కొత్త క్లయింట్లను తీసుకునే తేదీని సెలవుకు ముందే సూపర్‌వైజర్ దగ్గర రాసి పెట్టి వెళ్ళండి.